అక్రమ తుపాకీ గురించి పోలీసులకు చెప్పాలంటే: పేరు బయటపడకుండా, రివార్డు పోకుండా

"ఫలానా వాళ్ల దగ్గర తుపాకీ ఉందని చెబితే ఎంత ఇస్తారు?" చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. తుపాకీకి ఇంత అని ఖరారైన రేటు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం మొత్తం తిరగేసినా రివార్డు అనే సెక్షన్ కనిపించదు. బినామీ ఆస్తుల సమాచారానికైతే 2018 నుంచి రాతపూర్వకమైన పథకం ఉంది, కోటి రూపాయల దాకా ఇవ్వొచ్చని అందులోనే రాశారు. తుపాకుల విషయంలో పోలీసు అధికారులు కేసును చూసి, సమాచారం విలువను చూసి నిర్ణయిస్తారు. అది ఇష్టపూర్వకంగా ఇచ్చేదే తప్ప మనం హక్కుగా అడిగేది కాదు.

సోషల్ మీడియాలో తిరిగే కబుర్లలో సగం అమెరికావి. అక్కడ 1976లో అల్బుకర్కీ నగరంలో క్రైమ్ స్టాపర్స్ అనే ఏర్పాటు మొదలైంది. ఫోన్ చేసినవాళ్లను పేరు అడగరు, ఒక నంబరు ఇస్తారు, ఆ నంబరు చెప్పి డబ్బు తీసుకోవచ్చు. న్యూయార్క్ పోలీసులు అక్రమ తుపాకీ పట్టించిన సమాచారానికి వెయ్యి డాలర్లు ప్రకటించారు. ఆ పద్ధతి ఇక్కడ కూడా ఉందనుకుని 112 అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా పెట్టేసి, డబ్బు కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

మన దగ్గర దారులు రెండు. ఒకటి ఆకాశరామన్న దారి: మీరెవరో ఎవరికీ తెలియదు, రివార్డూ రాదు. రెండోది, మీరెవరో ఒక్క అధికారికి మాత్రమే తెలుస్తుంది, కాగితాల మీద ఎక్కడా ఉండదు, రివార్డుకు అవకాశం ఉంటుంది. ఈ రెండింటినీ కలపాలని చూస్తేనే చిక్కు. ఏ దారిన వెళ్లాలో ముందే తేల్చుకోండి. ప్రాణభయం నిజంగా ఉంటే డబ్బు సంగతి పక్కన పెట్టి మొదటి దారే ఎంచుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ముందు అది అక్రమమేనా చూసుకోండి

పశ్చిమాన అడవి అంచు పల్లెల్లో, అంటే పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టూ, తుపాకీ కనిపించగానే అది దొంగదని అనుకోకూడదు. పంట కాపలా కోసం మజిల్ లోడింగ్ తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. పోలీసుల కాగితాల్లో 'ఎస్‌బీఎంఎల్' అని రాసేది ఈ రకాన్నే: ఒకే గొట్టం, మూతి వైపు నుంచి మందు కూరి కాల్చేది. అదే రకం తుపాకీ లైసెన్సు లేకుండా కమ్మరి కొలిమిలో తయారైతే జనం నాటు తుపాకీ అంటారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

తేడా తెలుసుకోవడానికి మీరు ఎవరినీ అడగక్కర్లేదు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సుదారులు తుపాకులను స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు, ఆ సంగతి ఊళ్లో తెలుస్తుంది. బ్యాంకు దగ్గరో ఏటీఎం వ్యాన్ దగ్గరో గన్‌తో నిలబడే మాజీ సైనికుడికి లైసెన్సు ఉంటుంది. తాతల నాటి తుప్పు పట్టిన తుపాకీ, రిపేరు చేసినా పేలనిది, గోడకు వేలాడదీసుకుంటే దానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. పిట్టల్ని కొట్టే ఎయిర్‌గన్ కూడా చాలావరకు వేరే లెక్క.

ఇవి కాక మిగిలినవి చెప్పదగినవే. రాత్రిపూట హెడ్ లైటు పెట్టుకుని అడవిలోకి వెళ్లేవాళ్ల దగ్గరున్న నాటు తుపాకీ, నడుముకు దోపుకున్న తపంచా (నాటు పిస్తోలు), 9 ఎంఎం లాంటి నిషేధిత బోరు (గొట్టం సైజు) పిస్టల్, తుపాకులు తయారుచేసే లేదా అమ్మే చోటు, ఇవన్నీ. లైసెన్సు ఉన్నవాడు పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా నేరమే. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

శిక్షల్లో తేడా కూడా తెలిసుంటే మంచిది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్లు, జరిమానా. నిషేధిత ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. తయారీ, అమ్మకమైతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. నాటు తుపాకీ ఉన్నవాడి సమాచారం కన్నా దాన్ని చేసి అమ్మినవాడి సమాచారాన్ని పోలీసులు ఎందుకు ఎక్కువ విలువగా చూస్తారో ఇక్కడే తెలుస్తుంది. రివార్డు లెక్క కూడా ఆ విలువను బట్టే ఉంటుంది.

ఇదంతా వేటగాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక సంఘటన గుర్తుచేయాలి. 2015 నవంబరు 17న చిత్తూరు మేయర్ కఠారి అనురాధను కాల్చి చంపింది నగరపాలక కార్యాలయంలోనే. తుపాకీ ఎక్కడైనా ఒకటే.

ఇంకో మాట. ఆయుధాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ దగ్గరి స్టేషన్ అధికారికో, మేజిస్ట్రేట్‌కో చెప్పాలి. చెప్పకపోతే సరైన కారణం ఉందని నిరూపించుకునే భారం మన మీదే ఉంటుంది. తెలిసీ ఊరుకోవడం మన ఇష్టం అనుకుంటాం, చట్టం అలా అనుకోలేదు.

తెలిసింది ఎంత, అనుకున్నది ఎంత

పోలీసులకు పనికొచ్చే సమాచారానికి, ఊరి కబురుకు మధ్య తేడా వివరాల్లో ఉంటుంది. "వాడి దగ్గర గన్ను ఉందంట" అంటే ఎవరూ బండి తీయరు. ఒంటరిగా కూర్చుని ఒక కాగితం మీద ఈ సంగతులు రాసుకోండి, పని అయ్యాక ఆ కాగితం చించేయండి.

తుపాకీని మీ కళ్లతో చూశారా, ఇంకొకరు చెప్పారా? చూస్తే ఎప్పుడు, ఎంత దూరం నుంచి? పొడుగుదా, చేతిలో ఇమిడేదా? ఒకే గొట్టమా, రెండా? తూటాలు, గన్ పౌడరు, సీసపు గుండ్లు చూశారా, లేక ఊహా? ఎక్కడ పెడతాడు: ఇంట్లో అటక మీదా, మామిడి తోటలో మోటారు షెడ్డులోనా, గడ్డివామిలోనా? ఎప్పుడు బయటికి తీస్తాడు? ఏ బండిలో తీసుకెళ్తాడు? ఆ ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారా, కుక్క ఉందా, ఇంటికి వెనక దారి ఉందా?

చివరి ప్రశ్నలు అనవసరం అనిపించొచ్చు. కానీ తుపాకీ ఉన్న ఇంటికి అర్ధరాత్రి వెళ్లే కానిస్టేబుల్‌కు అన్నింటికన్నా అవసరమైనవి అవే.

చోటు, సమయం సరిగ్గా లేకపోతే మిగతా వివరాలు ఎన్నున్నా వృథా. నాటు తుపాకీ ఒక్కచోట ఉండదు. వేటకు వెళ్లే ముందు తోట నుంచి ఇంటికి వస్తుంది, మళ్లీ వెళ్తుంది, మధ్యలో చుట్టాల ఇంటికీ పోతుంది. "శనివారం రాత్రి పది తర్వాత తోటలో ఉంటుంది" అన్న ఒక్క వాక్యం పేజీల కొద్దీ ఫిర్యాదు కన్నా మేలు.

వీటి కోసం గూఢచారి పని మాత్రం వద్దు. ఫోటో తీయడానికి దగ్గరికి వెళ్లకండి. కొనేవాడిలా నటించి బేరం ఆడకండి. అన్నింటికన్నా ముఖ్యం, ఆ తుపాకీని చేత్తో తాకకండి. పట్టుకున్న క్షణం అది మీ దగ్గరున్నట్టే, వేలిముద్రలు మీవే, రుజువు తెద్దామని తీసుకొస్తే లైసెన్సు లేని ఆయుధం మోసిన నేరం మీదవుతుంది.

ఆ మనిషితో మీకు గట్టు తగాదా, అప్పు గొడవ, పార్టీ కక్ష ఉంటే ఆ సంగతి మీరే ముందు చెప్పేయండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, విచారణలో అది బయటపడితే అధికారి మీ మాట మొత్తాన్ని అనుమానిస్తాడు. ముందే చెబితే "సరే, గొడవ ఉంది, కానీ తుపాకీ ఉందో లేదో చూద్దాం" అంటాడు.

ఎవరికి చెప్పాలి

అసలు రహస్యం నిలిచేదీ పోయేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఎవరైనా తుపాకీ చేతపట్టుకుని బెదిరిస్తుంటే, కాలుస్తుంటే 112 కొట్టండి. అప్పుడు రివార్డు, రహస్యం అన్నీ తర్వాత. కానీ 112కి చేస్తే మీ నంబరు కంట్రోల్ రూము తెర మీద పడుతుంది, కాల్ రికార్డవుతుంది. అది అత్యవసరానికి పెట్టింది. నిదానంగా ఇచ్చే రహస్య సమాచారానికి సరైన చోటు కాదు. గంజాయి సమాచారానికి పెట్టిన 1972 నంబరు కూడా ఈ పనికి కాదు.

సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దామని చాలామందికి అనిపిస్తుంది. పొలం తగాదాకు, ఆన్‌లైన్ మోసానికి అది మంచిదే. తుపాకీ సమాచారానికి మాత్రం వద్దంటాను. అర్జీలో మీ పేరు, ఫోన్ నంబరు ఎక్కుతాయి, కంప్యూటర్‌లో నమోదవుతుంది, విచారణకు మళ్లీ మీ ఊరి స్టేషన్‌కే వెళ్తుంది. అక్కడి నుంచి ఊళ్లోకి ఎంత దూరమో మీకు తెలుసు.

గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసుకు చెప్పడం కూడా అలాంటిదే. ఆమె మంచిదే కావచ్చు, కానీ సచివాలయం అరుగు మీద ఎప్పుడూ నలుగురు కూర్చునే ఉంటారు.

రెండో దారి ఎంచుకున్నవాళ్లు నేరుగా డీఎస్పీని గానీ, ఎస్పీ కార్యాలయంలోని స్పెషల్ బ్రాంచి అధికారిని గానీ కలవడం మేలు. సమాచారం ఇచ్చేవాళ్లతో వ్యవహరించడం వాళ్లకు రోజువారీ పని. ఇక్కడ జిల్లా పొరపాటు పడకండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా, చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు వాళ్లు కొందరు ఇప్పటికీ చిత్తూరు అనే అంటుంటారు. చంద్రగిరి సంగతి చిత్తూరు ఎస్పీ ఆఫీసులో చెబితే కాగితం ఇంకో నాలుగు చేతులు మారుతుంది. కుప్పం వైపు వాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. తుపాకీ సరిహద్దు అవతల ఉంటే సమాచారం అక్కడి పోలీసులకు చేరాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా చెప్పొచ్చు, కానీ దాడి చేయాల్సింది మాత్రం అక్కడివాళ్లే.

వేట తుపాకీ అయితే అటవీ శాఖ దారి కూడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. కణితి, జింక, అడవి పంది వేటకు తుపాకీ వాడుతుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఆ చట్టంలో మాత్రం రివార్డు స్పష్టంగా రాసి ఉంది. 60ఎ సెక్షన్ ప్రకారం, నేరం పట్టుకోవడానికి సాయం చేసినవాళ్లకు కోర్టు వేసిన జరిమానాలో సగం దాకా ఇప్పించొచ్చు. 60బి ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇస్తే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పది వేల రూపాయల దాకా మంజూరు చేయొచ్చు. మొదటిది తీర్పు రోజున తేలే డబ్బు, దానికి ఏళ్లు పట్టొచ్చు. రెండోది అంతకన్నా త్వరగా అందే వీలుంది. శేషాచలం, కౌండిన్య ప్రాంతాల వాళ్లు జిల్లా అటవీ అధికారిని (డీఎఫ్‌ఓ) కలిసేటప్పుడు ఈ రెండు సెక్షన్లూ గుర్తుపెట్టుకుని వెళ్లండి. తుపాకీతో పాటు ఎర్రచందనం కూడా ఉందంటే తిరుపతిలోని ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వింటుంది.

ఎలా చెప్పాలి

ఆకాశరామన్న దారి ఎంచుకుంటే ఉత్తరమే మంచిది. ఎస్పీ పేరున కాక హోదా పేరున రాయండి, కవరు మీద "స్వయంగా విప్పవలెను" అని పెట్టండి. మీ ఊరి పోస్టాఫీసు ముద్ర పడకుండా పట్నంలో వేయండి. "మా ఇంటి పక్కన", "మా చిన్నాయన కొడుకు" లాంటి మాటలు ఉత్తరంలో రానీయకండి, పేరు రాయకపోయినా ఆ ఒక్క మాటతో మీరు దొరికిపోతారు. ఇద్దరికి మాత్రమే తెలిసిన వివరం రాస్తే రెండో మనిషి మీరేనని అవతలివాడికి వెంటనే తెలుస్తుంది. కాబట్టి ఊళ్లో పదిమందికి తెలిసే అవకాశమున్న వివరాలే ఎంచుకోండి.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా వీధిలో నీలం గేటు ఉన్న ఇంటి యజమాని దగ్గర లైసెన్సు లేని నాటు తుపాకీ ఉంది. పొడవైన ఒంటి గొట్టం. వారంలో ఒకటి రెండు రాత్రులు కొండ వైపు వేటకు తీసుకెళ్తారు. పగలు ఊరికి తూర్పున ఉన్న తోటలో మోటారు షెడ్డు అటక మీద ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఇది విన్నది కాదు, చూసింది."

తిట్లు, శాపనార్థాలు, "ఇలాంటివాళ్లను ఉరి తీయాలి" లాంటివి వద్దు. అవి రాసినవాడి కోపాన్నే చూపిస్తాయి.

మనిషిని కలవాలనుకుంటే ఆఫీసుకు వెళ్లే ముందు ఫోన్ చేసి సమయం అడగండి, విషయం ఫోన్‌లో చెప్పకండి. మీ ఊరి కానిస్టేబుల్ డ్యూటీలో ఉండే చోటు కాకుండా చూసుకోండి. కలిసినప్పుడు మొదటే మూడు మాటలు అనండి: నా పేరు కేసు కాగితాల్లో రాకూడదు, నేను సాక్షిగా ఉండను, రివార్డుకు ప్రతిపాదిస్తే రహస్యంగా ఇవ్వండి. దేనికి ఒప్పుకుంటారో దేనికి ఒప్పుకోరో ఆ అధికారి అక్కడే చెబుతాడు. ఒప్పుకోకపోతే వివరాలు చెప్పకముందే లేచి రావచ్చు.

వాట్సాప్‌లో ఫోటో పంపడం సులభమే గానీ, మీ నంబరు వెళ్తుంది, ఫోటో ఫార్వర్డ్ అవుతుంది, ఎక్కడి నుంచి తీశారో చూస్తే మీ మేడ మీద నుంచే అని తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ల ఫోన్ వాడినా అంతే. ఇక ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క కూడా వద్దు. గోడలకే చెవులున్న ఊళ్లో గ్రూపుకు అడ్మిన్ కూడా ఉంటాడు.

మీ పేరును చట్టం ఎంతవరకు కాపాడుతుంది

బాగానే కాపాడుతుంది, పరిమితులు తెలుసుకుంటే. నేర సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని కోర్టు కూడా బలవంతం చేయకూడదు. భారతీయ సాక్ష్య అధినియం 131వ సెక్షన్ చెప్పేది అదే. అందుకే ఇలాంటి ఎఫ్‌ఐఆర్‌లు "విశ్వసనీయ సమాచారం మేరకు" అని మొదలవుతాయి, ఫిర్యాదుదారుగా ఎస్సై పేరే ఉంటుంది. సోదాకు మధ్యవర్తులుగా, అంటే సోదా చూసి సంతకం పెట్టే సాక్షులుగా, వేరేవాళ్లను పిలుస్తారు, ఇప్పుడు సోదా మొత్తం వీడియో తీయాలన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి తుపాకీ దొరికితే కేసు నిలబడటానికి మీ సాక్ష్యం అక్కర్లేదు. దొరికిన తుపాకీయే సాక్ష్యం.

నిందితుడు సమాచార హక్కు చట్టం కింద "నా మీద ఎవరు చెప్పారు" అని అడిగినా ఇవ్వరు. రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్లను గుర్తుపట్టే వివరాలకు 8(1)(జి) మినహాయింపు ఉంది.

కేసులో సాక్షిగా మారితే మాత్రం కథ వేరు. అప్పుడు పేరు కోర్టు కాగితాల్లో ఉంటుంది. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు, పోలీసుల నుంచి ప్రమాద అంచనా నివేదిక తెప్పిస్తారు. అయితే ఆ పథకం ప్రధానంగా ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు. తుపాకుల తయారీ, అమ్మకం, నిషేధిత ఆయుధం అందులోకి వస్తాయి. మామూలు నాటు తుపాకీ ఉంచుకోవడం ఐదేళ్ల నేరమే కాబట్టి రాదు. సాక్షిగా ఉండనని మొదటే చెప్పమన్నది అందుకే.

చెప్పిన తర్వాత

వెంటనే ఏమీ జరగకపోవచ్చు. పోలీసులు ముందు లైసెన్సు రికార్డులు చూస్తారు, ఇంకో మార్గంలో నిర్ధారించుకుంటారు, అదను కోసం చూస్తారు. ఈలోగా మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తే టెన్షన్ మీకే. తుపాకీ చోటు మారిందని తెలిస్తే మాత్రం వెంటనే చెప్పండి.

రివార్డు సంగతి సోదా ముగిసి, తుపాకీ దొరికి, అరెస్టు జరిగాకే. మీరు కలిసిన అధికారే ప్రతిపాదన పంపాలి. అందుకే ఎవరికి చెప్పారో ఆయన బదిలీ అయ్యేలోపే ఒకసారి గుర్తుచేయడం మంచిది. డబ్బును సభ పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి ఇస్తామంటే వద్దనండి. ఎవరైనా "రివార్డు వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేస్తే అది మోసం.

కేసు సంగతికొస్తే, లైసెన్సు లేని తుపాకీ కేసులో కోర్టు విచారణకు జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ ముందస్తు అనుమతి కావాలి. తుపాకీ పనిచేస్తుందో లేదో ఫోరెన్సిక్ నివేదిక రావాలి. నిందితుడు బెయిల్ మీద ఊళ్లో కనిపించగానే "పోలీసులు అమ్ముడుపోయారు" అనుకోనక్కర్లేదు.

తప్పుడు సమాచారం ఇస్తే

కక్షతో లేని తుపాకీ ఉందని చెబితే భారతీయ న్యాయ సంహిత 217 కింద ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా. తప్పుడు కేసులో ఇరికించే ప్రయత్నమైతే 248 కింద ఇంకా పెద్ద శిక్ష. అవతలివాడి షెడ్డులో తుపాకీ మీరే పెట్టించి చెప్పడం గురించి వేరే చెప్పక్కర్లేదు. నమ్మి చెప్పింది సోదాలో దొరకకపోవడం వేరు, అబద్ధమని తెలిసి చెప్పడం వేరు. మొదటిదానికి భయపడకండి.

తుపాకీ మీ ఇంట్లోనే ఉంటే

నాన్నకో తాతకో లైసెన్సు ఉండి, ఆయన పోయాక తుపాకీ బీరువా మీద అలాగే ఉండిపోయిన ఇళ్లు ఉంటాయి. లైసెన్సు ఆయనది, మీది కాదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. తుపాకీ మోసుకుని బస్సెక్కకండి, ముందు స్టేషన్‌కు వెళ్లి విషయం చెబితే ఎలా తేవాలో వాళ్లే చెబుతారు. ఇచ్చాక రసీదు తీసుకోండి.

లైసెన్సే లేని నాటు తుపాకీ అయితే ఒక లాయరును వెంట పెట్టుకుని వెళ్లడం నయం. నాటు తుపాకులు స్వచ్ఛందంగా అప్పగించమని పోలీసులు గడువు ఇచ్చిన రోజుల్లో వెళ్తే పని తేలిక. మీ అన్నదమ్ముల్లో ఎవరిదో తుపాకీ ఉండి, పోలీసులకు చెప్పి రివార్డు తీసుకుందామా అని ఆలోచిస్తుంటే, ముందు అతన్ని ఒప్పించి అప్పగింపజేసే ప్రయత్నం చేయండి. అతను వినకుండా, ఇంట్లో ఆడవాళ్లను ఆ తుపాకీ చూపించి భయపెడుతుంటే, అప్పుడు పైన చెప్పిన దారులన్నీ మీకూ వర్తిస్తాయి.